నీళ్లు లేని సాన

జంబన్న చేతికి కొడవలి ఇస్తే ముందు దాన్ని చూడడు. ఇచ్చినవాళ్ల యోగక్షేమాలు అడుగుతూనే బొటనవేలిని అంచు మీద అడ్డంగా పోనిస్తాడు. అంతే, దాని బతుకంతా చెప్పేస్తాడు. నడుమ అరిగితే జొన్న కోసింది. పిడి దగ్గర అరిగితే గడ్డి కోసింది. కొన దగ్గర పళ్లు రాలితే ఎవడో సోమరి గొడ్డలి వెతుక్కోలేక దాంతోనే తుమ్మకంప కొట్టాడు. ఒకసారి ఒక కత్తిపీటను తడిమి, "మీ ఇంట్లకు వచ్చిన కొత్తకోడలు ఎడమచెయ్యిది గదా అక్కా" అన్నాడు. ఆ అత్తగారు కత్తిపీటను వెనక్కి లాక్కుని తానే తిప్పి తిప్పి చూసుకుంది. అంచు ఎక్కడ అరిగిందో తెలిస్తే మనిషి ఏం చేశాడో తెలిసిపోతుందని అతని నమ్మకం. ఆ నమ్మకం నలభై ఏళ్లు అతనికి కూడు పెట్టింది. తప్పింది ఒక్కసారే, అదీ సొంత కూతురి దగ్గర.

జంబన్నది సుంకదిన్నె. యరమరస్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఆ ఊరి చేలల్లోంచి కనబడతాయి. ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడం, సంతలో ఉర్దూ మాట్లాడుకునే ఊరు. జంబన్న వృత్తి సాన పట్టడం. సైకిల్‌కు స్టాండు వేసి, సీటు మీద కూర్చుని పెడల్ తొక్కితే హ్యాండిల్ దగ్గర బిగించిన సానరాయి తిరుగుతుంది. రాయి పైన ఒక నూనెడబ్బా. దాని అడుగున మేకుతో పొడిచిన రంధ్రం లోంచి నీళ్లు చుక్క చుక్కగా రాయి మీద పడుతూ ఉంటాయి. ఆ నీళ్ల సంగతి అతని తండ్రి రంగప్ప చెవి మెలిపెట్టి మరీ నేర్పించాడు. "నీళ్లు లేకుంట ఇనుమును రాయికి ముట్టియ్యకురా. కాలి నీలం తిరిగిందంటే లోపల బిగి సచ్చిపోతది. సూస్తందుకు పదునే ఉంటది. గట్టిదానికి తగిలితే మైనం లెక్క మడత పడతది." జంబన్న ఆ మాట ఎన్నడూ దాటలేదు.

భార్య పోయినప్పుడు కూతురు మంజమ్మకు నాలుగేళ్లు. పిల్లను ఎవరి దగ్గరా వదలలేక సైకిల్ కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని ఊళ్లు తిరిగాడు. రాయచూరు పేటల నుంచి అటు సింధనూరు కాలువ కింది కోస్తా రైతుల క్యాంపుల దాకా ఆ పిల్లను ఎరగని వాకిలి లేదు. డబ్బా ఖాళీ అయితే ఆ పిల్లే గ్లాసుతో రాయి మీద నీళ్లు పోసేది. "నీళ్లు పొయ్యి బిడ్డా" అనేవాడు. "పోస్తున్న నాయినా" అనేది. తండ్రీకూతుళ్ల మధ్య నడిచిన మాటల్లో సగం ఇవే. పెద్దదయ్యాక దాన్ని దూరం పంపడం ఇష్టం లేక అదే ఊళ్లో, రెండు వీధుల అవతల ఉన్న భీమేశ్‌కు ఇచ్చాడు. భీమేశ్ మంచివాడు, కష్టజీవి. కానీ నోరు ఊరుకోదు, నవ్వు ఆగదు. ఎదుటివాడు మంట మీద ఉన్నాడని తెలిసినా ఇంకో పుల్ల వేసి నవ్వే రకం.

ఇక తొమ్మిది ఇనుముల సంగతి. రజాకార్ల జమానాలో ఈ ఊరికి తుపాకులు లేవు, కత్తులు లేవు. ఉన్నవి పనిముట్లు. తొమ్మిది ఇళ్లవాళ్లు తలా ఒక పనిముట్టు తెచ్చి కమ్మరి కొలిమి ముందు పడేశారు. దేవప్ప అనే రైతు తండ్రి తన గుంటక పాస ఇచ్చాడు. చేలో ఎద్దుల వెనక లాగుతూ కలుపు కోసే రెండు మూరల ఇనుపపట్టీ అది. కమ్మరి దాని రెండు కొమ్ములూ విరిచి, సాగగొట్టి, కత్తి చేశాడు. భీమేశ్ తాత కొడవలి ఇచ్చాడు. దాని వంపు తీసి నిలువునా సాగదీసి వెదురుకర్రకు బిగిస్తే పోటుకొడవలి అయింది. ఒకరి నాగలికర్రు బల్లెం అయింది. ఒకరి గడ్డపార రెండు మొనల ఈటె అయింది. ఆ తొమ్మిదీ ఒక వానాకాలమంతా పొలిమేర మీద కాపలా నిలిచాయి. కొందరు మూడు ప్రాణాలు తీశాయంటారు, కొందరు ఐదంటారు. తీసినవాళ్లెవరూ లెక్క చెప్పకుండానే పోయారు.

గొడవలు ఆగాక ఆ ఇనుములను మళ్లీ చేలోకి దించలేదు. మనిషి నెత్తురు అంటిన ఇనుముతో పైరు ముట్టకూడదన్నారు పెద్దలు. అన్నిటినీ ఒక పెట్టెలో పెట్టి దేవప్ప ఇంట్లో ఉంచారు. ఏటా దసరా నవమినాడు, ఆయుధపూజకు, వాటిని బయటికి తీస్తారు. ఏ ఇంటి ఇనుము ఆ ఇంటివాడు పట్టుకుని డప్పులతో పొలిమేర గట్టుకు పోయి, దాంతో పిడికెడు గడ్డి కోస్తాడు. తాము పుట్టింది గడ్డి కోయడానికేనని అవి మరిచిపోకూడదట. దానికి ముందురోజు తొమ్మిదింటికీ సాన పట్టాలి. ఒకటే రోజు, ఒకటే రాయి, ఇనుముకు నలభై తిప్పులు. ఒక ఇంటి ఇనుము ఇంకో ఇంటి ఇనుము కంటే వెంట్రుకవాసి కూడా పదును ఎక్కకూడదు. రంగప్ప అట్లాగే పట్టాడు. జంబన్న కూడా ఆ తిప్పులు పైకి లెక్కపెడుతూ పట్టేవాడు. ఊరు ఊరంతా ఒకరినొకరు నమ్ముకుని నిద్రపోయేది ఆ నలభై తిప్పుల మీదే.

భీమేశ్ చేను దేవప్ప చేను వెనక ఉంది. మధ్యలో బండిబాట. తాతల నాటి నుంచి నడిచిన బాట అది, నవమి ఊరేగింపు పొలిమేరకు పోయేదీ దాని మీదే. రోడ్డు వెడల్పయి, ఫ్యాక్టరీ లారీలు తిరగడం మొదలయ్యాక, దేవప్ప కొడుకు అంబరీష్‌కు ఆ బాట తమ చేలోనే ఉందని ఉన్నట్టుండి గుర్తొచ్చింది. రాతికూసాలు పాతి ముళ్లతీగ లాగాడు. భీమేశ్ ఎద్దులు ఎగిరి పోవాలా? రెండుసార్లు కూసాలు పీకాడు. మూడోసారి అంబరీష్ కాపు కాసి మీద పడ్డాడు. భీమేశ్ చేతికి దొరికింది పారకామ, గట్టి కర్ర. దాంతో వేసిన దెబ్బకు అంబరీష్ ఎడమచెయ్యి మోచేతి కింద ఫట్టుమని విరిగింది. చర్మం చీల్చుకుని తెల్లటి ఎముక బయటికి వచ్చింది. అది చూసి కూడా భీమేశ్, "ఇగ తీగ లాగు రా, ఒక్క చెయ్యితోటి" అని నవ్వాడు. శ్రావణమాసం మాట ఇది. కట్టు విప్పాక కూడా అంబరీష్ చెయ్యి పూర్తిగా మడవడం లేదు. హోటల్ దగ్గర అందరూ వింటుండగా అన్నాడు, "నవమి రానియ్యిన్రి. ఆ దినం మా తాత ఇనుము మాట్లాడుతది."

జంబన్నకు ఆ మాట చేరిన రోజు నుంచి ముద్ద దిగలేదు. ఎట్లాగైనా నవమినాడు అల్లుడు ఊళ్లో లేకుండా చూడాలి. అతనికి కావలసింది అదొక్కటే. సింధనూరు దగ్గర గోరేబాళలో యలమందయ్య అని, కోస్తా నుంచి వచ్చి వరి చేస్తున్న రైతు ఉన్నాడు. ఏటా ఆయన కొడవళ్లకు జంబన్నే సాన పడతాడు. ఫోన్ చేసి సంగతి చెబితే ఆయన, "పంపించవయ్యా జంబన్నా, దాందేవుంది! మందు కొట్టే పనికి మనుషుల్లేక చస్తన్నాం. షెడ్డు ఖాళీగానే ఉంది, మొగుడూ పెళ్లాలు నెల్రోజులుండమను" అన్నాడు. భీమేశ్ రెండు రోజులు గింజుకున్నాడు. పారిపోయాడని ఊరు నవ్వుతుందన్నాడు. మంజమ్మ ఏడ్చింది, తిండి మానింది, కాళ్లు పట్టుకుంది. చివరికి సరే అన్నాడు. నవమి పొద్దున ఏడింటి బస్సు. సంచి సర్దేశారు. జంబన్న ఆ పూట నెల రోజుల తర్వాత రెండు రొట్టెలు తిన్నాడు.

ముందురోజు, అష్టమినాడు మధ్యాహ్నం అంబరీష్ తొమ్మిది ఇనుములనూ గొంగడిలో చుట్టి తెచ్చాడు. జంబన్న వాకిట్లో దించి, ఎదురుగా కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. జంబన్న ఒక్కొక్కటే తీసి తడిమాడు. ఎనిమిదీ ఏడాది నిద్రలో ఉన్నాయి, అంచు మీద పోయినేటి నూనె అట్లాగే ఉంది. తొమ్మిదోది, దేవప్ప ఇంటి పాసకత్తి, నిద్రలో లేదు. కొనకు జానెడు కింద అంచు గరగరలాడింది. ఎవరో దాంతో పచ్చికట్టెను ఏటవాలుగా కొట్టారు. ఒకసారి కాదు, చాలాసార్లు, ఒకే చోట, భుజం ఎత్తున, కుడిచేత్తో. అక్కడక్కడా గీతల్లో మేకఎముక తెలుపు కూడా ఉంది. జంబన్న వేలు అక్కడే ఆగింది.

"ఏంది తాతా, ఆగినవ్?" అన్నాడు అంబరీష్ ఫోనులోంచి తల ఎత్తకుండా.

"ఏం లేదు. తుప్పు సూస్తున్న."

సాన పట్టనని చెప్పొచ్చు. చెబితే వీడు రాయచూరు పోయి కరెంటు రాయి మీద పట్టించుకొస్తాడు. ఎనిమిదింటికీ నీళ్లు పెట్టి, నలభై తిప్పులూ లెక్కపెట్టి, న్యాయంగా పట్టాడు. తొమ్మిదోదాన్ని చేతిలోకి తీసుకునేటప్పటికి డబ్బా ఖాళీ అయింది. లోపల తొట్టిలో నీళ్లున్నాయి. నాలుగడుగులు వేస్తే చాలు. జంబన్న లేవలేదు. పాసకత్తిని పొడిరాయికి ఆనించి, ఒంటి బరువంతా వేసి తొక్కాడు. నిప్పురవ్వలు మోకాళ్ల మీద పడ్డాయి. ఒకటి, రెండు, మూడు... ఇనుము కాలిన వాసన వచ్చింది. అంచు ముందు పసుపుగా, తర్వాత గోధుమరంగుగా, తర్వాత నెమలిమెడ రంగుకు తిరిగింది. నలభై అయ్యాయి. తండ్రి మాట మొదటిసారి దాటాడు. ఆ నీలం కనబడకుండా ఇటుకపొడితో రుద్దాడు. అంచును తమలపాకంత పలచన చేశాడు గనక చూపుకు అది తొమ్మిదింటిలోకీ గొప్ప పదును. అంబరీష్ ముంజేతి మీద పోనిస్తే వెంట్రుకలు శుభ్రంగా రాలాయి.

"సూపర్ తాతా" అని గొంగడి చుట్టుకుని పోయాడు వాడు.

జంబన్నకు ఒళ్లంతా తేలిక పడింది. అల్లుడు ఎట్లాగూ రేపు ఉండడు. ఒకవేళ ఏదైనా తేడా వచ్చినా ఆ కత్తి తెగదు. రెండు తాళాలు వేసిన పెట్టెలాగా ఉంది అతనికి. అక్కడితో ఊరుకుంటే ఏమయ్యేది? మనిషి ఊరుకోడు. తెలివైన పని చేశామనుకున్నప్పుడు అసలే ఊరుకోడు. పొద్దు వాలకముందే కూతురి ఇంటికి పోయాడు. మంజమ్మ దారికని రొట్టెలు కాలుస్తోంది, కళ్లు వాచి ఉన్నాయి. మొగుడు ఇంకా సణుగుతూనే ఉన్నాడట. ఆ కళ్లు చూడలేక జంబన్న వంగి చెవిలో చెప్పాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. వాళ్ల ఇనుము జీవం దీసిన. నీళ్లు లేకుంట పట్టిన. అది ఇగ మనిషిని కోసేది గాదు."

మంజమ్మ పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయి తండ్రి ముఖంలోకి చూసింది. ఎన్నాళ్ల తర్వాతో నవ్వింది. ఆ నవ్వు చూసి జంబన్న తనను తాను మెచ్చుకుంటూ ఇంటికి పోయాడు. పిచ్చి మనిషి!

నవమి పొద్దున ఆరున్నరకే రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాడు, కూతురినీ అల్లుడినీ ఎక్కించి పోదామని. ఏడింటి బస్సు వచ్చింది. కండక్టర్ ఎక్కమని కన్నడంలో "హత్రి, హత్రి" అని అరిచాడు. ఎక్కేవాళ్లు ఎక్కారు. వాళ్లు రాలేదు. బస్సు పోయింది. ఊళ్లోంచి డప్పులు వినబడ్డాయి. జంబన్న నడవడం మొదలుపెట్టి, కాసేపటికి పరుగెత్తాడు.

అల్లుడి వాకిట్లో సర్దిన సంచి సర్దినట్టే ఉంది. మంజమ్మ గడపలో ఉంది. "నేను ఆయనకు జెప్పిన నాయినా. భయంతో పోతున్నా అని కుమిలిపోతుండె. భయం లేదులే, వాళ్ల ఇనుము సచ్చిందట అని జెప్పిన. ఉరుకుతందుకు ఇంకేముంది అని సంచి కింద వెట్టిండు" అంది. చెబుతూ చెబుతూనే ఆమెకు అర్థమవుతున్నట్టుంది, గడప దిగింది. ఇద్దరూ చేల వైపు పరుగెత్తారు.

ఊరేగింపు బండిబాట దగ్గర ఆగింది. ఏటా పోయే బాట, ముళ్లతీగ అడ్డం. మిగతావాళ్లు చుట్టూ తిరిగి పోదామని గుసగుసలాడుతుంటే భీమేశ్ ముందుకు వచ్చాడు. ఆచారం ప్రకారం పట్టుకొచ్చిన తన పోటుకొడవలిని నేలకు గుచ్చి, వట్టి చేతులతో ఒక కూసాన్ని ఊపి పీకేశాడు. రెండోదాని మీద చెయ్యి వేసేటప్పటికి అంబరీష్ పాసకత్తితో ఎదురు వచ్చాడు. డప్పులు ఆగిపోయాయి.

"కొడవలి దీస్కోరా" అన్నాడు అంబరీష్.

"నీకు కొడవలి ఎందుకురా?" భీమేశ్ చొక్కా గుండీలు విప్పి ఛాతీ చూపించాడు. ఊరందరి వైపూ తిరిగి నవ్వాడు. "మీ తాత ఇనుము మాట్లాడుతది అన్నవంట గదా. మాట్లాడనియ్యి. అది సచ్చి ఒక్క దినమైంది. మా మామను అడుగు!"

జంబన్న అప్పుడే గుంపు వెనక్కు చేరాడు. "అంబరీశూ, వద్దురా!" అని అరిచాడు. మనుషులను తోసుకుని ముందుకు పోబోతే ఇద్దరు రెక్కలు పట్టుకుని ఆపారు, "నీకు గూడ పడతది పెద్దయ్యా" అని.

మొదటి దెబ్బ ఎడమభుజం మీద పడింది. చొక్కా తెగింది, చర్మం తెగింది, ఎముక దగ్గర అంచు ముడుచుకుపోయింది. భీమేశ్ తూలి, నిలదొక్కుకుని, నెత్తురు కారుతున్న భుజాన్ని చూసుకుని మళ్లీ నవ్వాడు. "సూసిన్రా? తెగలే!" అన్నాడు. అంబరీష్ కత్తి అంచు చూసుకున్నాడు. ఊరందరి ముందూ ముడుచుకుపోయిన తాత ఇనుము. వాడి ముఖం నల్లగా మారింది. రెండోది మెడ పక్కన పడింది, కోయలేదు, విరిచింది. మూడోది చెవి మీద. భీమేశ్ నవ్వు అప్పుడు ఆగింది. చేతులు అడ్డం పెట్టుకున్నాడు. చేతులు విరిగాయి. కింద పడ్డాడు. రెండు మూరల ఇనుపపట్టీ, దున్నిన నేలను ఎద్దుల బలంతో చీల్చడానికి చేసిన ఇనుము అది. అంచు పోతే దానికి పోయిందేమిటి? దబ్ దబ్‌మని పడుతూనే ఉంది.

చుట్టూ ఏడుగురి చేతుల్లో నీళ్లు పెట్టి పట్టిన ఏడు ఇనుములు ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు. జంబన్న నోరు దానంతట అదే లెక్కపెడుతోంది. నలభై ఏళ్ల అలవాటు. పదకొండు. పన్నెండు. మంజమ్మ వెళ్లి మొగుడి మీద పడబోతే ఆడవాళ్లు జుట్టు పట్టి వెనక్కు లాగారు. పద్నాలుగో దెబ్బ దాకా భీమేశ్ "అమ్మా" అంటూనే ఉన్నాడు. పంతొమ్మిదో దెబ్బ తర్వాత కన్నతండ్రి దేవప్పే వచ్చి కొడుకు కాళ్ల మీద పడి, "సాలురా, సచ్చిండురా" అని ఏడిస్తే అంబరీష్ ఆగాడు. దవడ కూడా పగిలిన ఆ ముఖాన్ని అప్పుడు చూసి పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

రాయచూరు పెద్దాసుపత్రి ఆవరణలో పోలీసు జీపు ఆగి ఉంది. పంచనామాకు సాన పట్టిన మనిషి కావాలని జంబన్నను పిలిచారు. హెడ్ కానిస్టేబుల్ గుడ్డ విప్పి పాసకత్తి చూపించాడు. అంచు పొడవునా ఎండిన అరిటాకులాగా ముడుచుకుని ఉంది. "ఏనప్పా, నువ్వు పట్టిన సాన ఇదేనా?" అన్నాడాయన. జంబన్న తల ఊపాడు. నీళ్ల సంగతి ఆయన అడగలేదు, అడగాలని ఆయనకు తెలియదు. డాక్టర్ రాసిన కాగితంలో కోతలు రెండే, విరుగుళ్లు ఇరవై ఏడు అని ఉందని ఎవరో చదివి చెప్పారు.

జీపు వెనక సీట్లో సంకెళ్లతో అంబరీష్ ఉన్నాడు. జంబన్న దాటిపోతుంటే పిలిచాడు. కోపం లేదు గొంతులో, పిల్లవాడు అర్థంకాని పాఠం అడిగినట్టు అడిగాడు.

"తాతా, నేను ఒక్కటే కొట్టి పోదాం అనుకున్న. భుజం మీద, చెయ్యి ఊడేటట్టు. నా చెయ్యికి వాని చెయ్యి. పానం తీద్దామని రాలే. అది తెగకపాయె. వాడు నవ్వె. తెగకుంటె మల్ల కొట్టిన. మల్ల తెగలే. నువ్వు మంచిగ సాన పట్టి ఉంటే వాడు బతుకుతుండె గదా తాతా?"

జంబన్న ఆసుపత్రి గోడ పట్టుకుని నిలబడి, పదునే ప్రాణం తీస్తుందని నలభై ఏళ్లు నమ్మిన తన బొటనవేలిని కొరికి కొరికి నెత్తురు చేసుకున్నాడు.

ఆ తర్వాత ఆ పెట్టెను ఉమ్మడిగా ఉంచుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒకటి కోర్టులో ఉంది, మిగిలిన ఎనిమిదీ ఎవరి ఇంటిది వాళ్లు పట్టుకుపోయారు. సుంకదిన్నెలో ఎనిమిది ఇళ్ల చూర్లలోకి ఎనిమిది ఇనుములు చేరాయి. జంబన్న సైకిల్ గోడకు ఆనించినచోటే ఐదు నెలలు ఉండిపోయింది. తండ్రీకూతుళ్లు ఆ పొద్దటి మాట ఎత్తలేదు. నువ్వు చెప్పావని ఆమె అనలేదు, నువ్వెందుకు చెప్పావని ఇతను అనలేదు. పక్కపక్కన కూర్చుని తినేవాళ్లు, లేచిపోయేవాళ్లు.

అంబరీష్‌కు బెయిల్ వచ్చిందని తెలిసిన మధ్యాహ్నం మంజమ్మ తండ్రి ఇంటికి వచ్చింది. ఒక చేతిలో బిందె, రెండో చేతిలో పోటుకొడవలి. వెదురుకర్ర విప్పేసి ఉంది. మాట్లాడకుండా సైకిల్‌ను వాకిట్లోకి లాగి స్టాండు వేసింది. సాలెగూడు దులిపింది.

"లే నాయినా. సాన పట్టు. ఈసారి నేను నీళ్లు పోస్తా."

"ఎవలికి బిడ్డా?"

"ఒక్క దెబ్బకు పోవాలె. పంతొమ్మిది నాకు శాతగాదు."

కడ్డీ మీద కూర్చుని నీళ్లు పోసిన నాలుగేళ్ల పిల్ల ఆ ముఖంలో ఎక్కడైనా మిగిలిందేమో అని జంబన్న వెతికాడు. తర్వాత లేచి సీటు మీద కూర్చున్నాడు. తొక్కాడు. మంజమ్మ గ్లాసుతో నీళ్లు పోసింది. అతను కొడవలిని ఏటవాలుగా ఆనించలేదు. అంచును నిటారుగా రాయికి పెట్టి అదిమాడు. రెండు తిప్పుల్లోనే ఆమెకు తెలిసింది, సాన దగ్గర పెరిగిన పిల్ల. అయినా నీళ్లు పోస్తూనే ఉంది. నలభై దాటాయి, వంద దాటాయి. కొన పోయింది, అంచు పోయింది, తాతల నాటి ఆ పలచటి ఇనుము మొద్దుబద్ద అయిపోయింది. జంబన్న ముక్కు మీదుగా కన్నీళ్లు రాయి మీదే పడుతున్నాయి. బిందె అడుగంటింది.

"ఇగ ఇది దేనికీ పనికి రాదు బిడ్డా" అని ఆమె చేతిలో పెట్టాడు.

మంజమ్మ దాన్ని తీసుకుని చేత్తో ఒకసారి ఎత్తి దించి బరువు చూసింది.

"పనికొస్తది నాయినా" అంది. "మా ఆయనకు సరిపాయె గదా."

లేచి నడవబోయింది. జంబన్న ఇనుము రెండో కొన పట్టుకున్నాడు. లాగింది. వదల్లేదు. సైకిల్ పడిపోయింది, సానరాయి బండకు తగిలి రెండు ముక్కలైంది. ఆమె ఎడమచేత్తో తండ్రి చెంప మీద కొట్టింది, మళ్లీ కొట్టింది, పెదవి పగిలి నెత్తురు వచ్చింది. "నువ్వెందుకు జెప్పినవ్! నేనెందుకు జెప్పిన!" అని అరుస్తూ కొట్టింది. అంచు లేదు గనక అతని అరచేతులు తెగలేదు, వదల్లేదు. ఆఖరికి ఆమే వదిలి అక్కడే బురదలో కూలబడింది.

అంబరీష్ ఊరికి వచ్చి రెండు నెలలైంది. జంబన్న ఇప్పుడు సాన పట్టడు. ఆ మొద్దు ఇనుము సైకిల్‌కు కట్టుకుని తిరుగుతాడు, ఎందుకని ఎవరైనా అడిగితే ఇంట్లో ఉంచేది కాదంటాడు. రోజూ పొద్దున కూతురి ఇంటికి పోయి చేతికి తగిలిన ఇనుమల్లా పట్టుకొచ్చేస్తాడు. కొడవలి తెచ్చాడు, గొడ్డలి తెచ్చాడు, గడ్డపార తెచ్చాడు, కత్తిపీట కూడా తెచ్చాడు. ఆమె అడ్డం చెప్పదు, సాయం చేయదు. నిన్న ఇంట్లో ఇనుము ఇంకేమీ కనబడలేదు. మూలనున్న రోకలి దగ్గర ఆగాడు. అలవాటుగా బొటనవేలు పోనిచ్చాడు, అంచు లేదు. రెండు చేతులా ఎత్తి బరువు చూసి, భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

"పెరట్ల రాళ్లు గూడ ఉన్నయి నాయినా" అంది మంజమ్మ గడపలోంచి.

జంబన్న ఆగి వెనక్కి చూశాడు. "అవి గూడ మోస్తా బిడ్డా" అన్నాడు.